బస్తా ఎత్తడం ఒక పని, చిట్టా రాయడం మరొక పని

సంపాదకులు గారికి నమస్కారములు.

2025 జూన్ 1 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ బండ్లు ఆగిపోయి, చౌకధరల దుకాణాలు తిరిగి తెరుచుకున్న సంగతి పాఠకులకు తెలిసిందే. 65 ఏళ్లు దాటిన వృద్ధులకు, దివ్యాంగులకు సరుకులు ఇంటికే చేర్చాలన్న ఏర్పాటు కూడా అప్పుడే చేశారు. కాటా ముందు వరుసలో నిలబడలేనివారిని ప్రభుత్వం తలుచుకున్నందుకు సంతోషమే. కాటా వెనుక కూర్చుని పని చేయగలిగినవారినీ తలుచుకోవలసిందని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నాకు పసితనంలో పోలియో సోకి కుడికాలు చచ్చుబడింది. ఇంటర్ చదివి, అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి కొట్టులో పదకొండేళ్లుగా గుమాస్తాగా ఉన్నాను. ఆ మధ్య ఒక ప్రభుత్వ విక్రయ కేంద్రంలో ఔట్‌సోర్సింగ్ పద్ధతిన సేల్స్‌మన్ కావాలంటే వెళ్లాను. లెక్కలు వచ్చా అని అడగలేదు, కంప్యూటర్ వచ్చా అనీ అడగలేదు. నా కాలి వంక చూసి, "యాభై కేజీల బస్తా ఎత్తగలరా?" అన్నారు. లేదన్నాను. ఇంటర్వ్యూ అక్కడితో సరి. అడిగినాయన మర్యాదస్తుడే, టీ ఇప్పించి మరీ పంపించారు.

మా కొబ్బరి కొట్లలో ఈ ప్రశ్న ఎవరూ వేయరు. కాయ దింపేవాడు వేరు, ఒలిచేవాడు వేరు, లెక్కపెట్టి రాశి పోసేవాడు వేరు, లారీకెత్తే జట్టు వేరు. చిట్టా రాసే గుమాస్తాను బస్తా మోయమని షావుకారు ఏనాడూ అడగడు, ఎందుకంటే లెక్క తప్పితే పోయేది ఆయన సొమ్మే. పౌరసరఫరాల శాఖకూ ఈ తేడా తెలియనిది కాదు. మండల స్థాయి గోదాముల్లో బస్తాలెత్తేది హమాలీలే. వినియోగదారుడి ముందుకు వచ్చేసరికి మాత్రం అన్ని పనులూ ఒక్క మనిషి నెత్తిన పడుతున్నాయి. నిజానికి దుకాణంలో సరుకు దించుకోవడం నెలకు ఒకటి రెండు పూటల పని. తక్కిన వేళలో వేలిముద్ర తీసుకునే ఈ-పోస్ యంత్రంలో కార్డు నంబరు కొట్టాలి, బియ్యం మనిషికి ఐదు కిలోల చొప్పునో, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డయితే 35 కిలోలో తూయాలి, పంచదారకు డబ్బు తీసుకుని చిల్లర ఇవ్వాలి, మట్టిపనికి వెళ్లి వేళ్లరిగిన కూలీల ముద్ర పడకపోతే విసుక్కోకుండా మళ్లీ మళ్లీ వేయించాలి. ఇందులో నా కాలితో పడే పని ఏదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్న 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకు అంతకు ముందున్న 3 శాతం రిజర్వేషన్‌ను 4 శాతానికి పెంచింది. పనిచేసే చోట తగిన సదుపాయం కల్పించాలని కూడా చెప్పింది. అయితే రేషన్ డీలరు ప్రభుత్వోద్యోగి కాడు, ఆయన పెట్టుకునే సహాయకుడు అసలే కాడు, ఔట్‌సోర్సింగ్ సేల్స్‌మన్ ఏమో ఏజెన్సీ మనిషి. అందుచేత ఆ 4 శాతం ఈ కొట్ల గడప తొక్కడం లేదు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం దుకాణాల కేటాయింపులో పంచాయతీలకు, స్వయం సహాయక సంఘాలకు, సహకార సంఘాలకు ప్రాధాన్యం ఇమ్మన్నది. దివ్యాంగుల స్వయం సహాయక సంఘాలకు కొన్ని దుకాణాలు అప్పగించడానికి ఆ దారి ఎటూ ఉంది.

పూర్తిగా చూపు లేనివారికి ఇప్పుడున్న యంత్రాలతో ఈ పని కష్టమని ఒప్పుకుంటాను. వారికి మాట్లాడే యంత్రం ఇచ్చాకే పని ఇవ్వడం న్యాయం. వినికిడి లేనివారికి, నాలాంటి వారికి అంత ఏర్పాటు అక్కరలేదు. వరదకు జడిసి మా లంక గ్రామాల్లో అరుగులు నడుమెత్తున కడతారు కాబట్టి మెట్ల పక్కన ఒక వాలుబాట, పట్టుకోవడానికి ఒక గొట్టం, కూర్చుంటే చేతికందేటంత ఎత్తులో కాటా ఉంటే చాలు. ఆ వాలుబాట సరుకులకు వచ్చే ముసలివాళ్లకూ పనికొస్తుంది.

ఇకపై వెలువడే ప్రకటనల్లో కౌంటరు పనికి బరువులెత్తే షరతు తీసివేసి, దింపుడు కూలిని బస్తాకింత చొప్పున విడిగా చెల్లించే ఏర్పాటు చేయాలని పౌరసరఫరాల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా