దేశం జెర్సీలో కొట్టినవాడు లీగ్‌లోనూ కొడతాడా?

సంపాదకుల వారికి,

బాస్కెట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఇరగదీస్తే చాలు, అమెరికా లీగ్ ఎన్‌బీఏలో స్టార్ అయిపోతాడన్నట్టు మీ స్పోర్ట్స్ పేజీలో రాశారు. అంత తొందరెందుకు?

టోక్యో ఒలింపిక్స్ కాంస్య పోరులో ఆస్ట్రేలియాకు పాటీ మిల్స్ 42 పాయింట్లు కొట్టాడు. అదే మనిషి ఎన్‌బీఏ జట్టు శాన్ ఆంటోనియోలో ఏళ్ల తరబడి ఎక్కువగా బెంచి మీద నుంచి వచ్చి ఆడినవాడే. 2023 ప్రపంచ కప్‌లో జర్మనీని గెలిపించి ఎంవీపీ (టోర్నీ అత్యుత్తమ ఆటగాడు) అయిన డెన్నిస్ ష్రోడర్‌ను అతని ఎన్‌బీఏ జట్టు టొరంటో ఆర్నెల్లు తిరక్కుండానే ఇంకో జట్టు బ్రూక్లిన్‌కు పంపేసింది.

ఆటే వేరు మరి. ప్రపంచ కప్ నడిపే అంతర్జాతీయ సమాఖ్య ఫీబా మ్యాచ్ 40 నిమిషాలు, ఎన్‌బీఏది 48. మూడు పాయింట్ల గీత ఫీబాలో 6.75 మీటర్లు, ఎన్‌బీఏలో ఎదురుగా 7.24. మొన్నో సాయంత్రం మా గ్రౌండులో టేపు పట్టి సుద్దతో ఆ రెండో గీత గీశాం. తేడా రెండు జానల పైచిలుకే. కానీ మొదటి గీత నుంచి పదికి ఆరు వేసే కుర్రాడు అక్కడ రెండే వేశాడు, అవీ బోర్డుకు తగిలి. (నా సంగతి అడగొద్దు.)

పైగా ఫీబాలో పొడగరి డిఫెండర్ బుట్ట కింద పాతుకుపోవచ్చు. ఎన్‌బీఏలో ఎవరినీ కాయకుండా మూడు సెకన్లు దాటి నిలబడితే టెక్నికల్ ఫౌలే. దేశం జట్టులో బంతంతా ఒక్కడి చేతిలో ఉంటుంది, లీగ్‌లో వాడికన్నా పెద్ద ఆటగాడు పక్కనే ఉంటాడు. స్లొవేనియా ఆటగాడు లూకా డాంచిచ్ రెండు చోట్లా దంచుతున్నాడు, నిజమే. అందరూ డాంచిచ్‌లు కారు.

ఇకనైనా పాయింట్లతో పాటు ఎన్ని షాట్లకు, ఎన్ని నిమిషాల్లో, ఏ జట్టు మీద అన్నది కూడా వేయండి. చోటు చాలకపోతే ఫొటో కాస్త చిన్నది చేయండి.

— ఒక పాఠకుడు, అనంతపురం