మొగుడి సంతకం ఎందుకు?

సంపాదకునికి,

గర్భస్రావంపై మీ పత్రికలో సాగుతున్న చర్చ చదువుతున్నాను. భ్రూణహత్య మహాపాపమని మన ధర్మశాస్త్రాలన్నాయి. కాథలిక్ చర్చి తొలిక్షణం నుంచే ప్రాణమంటుంది. ఇస్లాం పండితుల్లో చాలామంది 120 రోజులకు ఆత్మ చేరుతుందంటారు. (మతాల మధ్యే లెక్క కుదరలేదు!) నమ్మినవాళ్లు పాటించుకోవచ్చు, ఆస్పత్రి మాత్రం చట్టాన్ని పాటించాలి కదా.

1971 నాటి గర్భస్రావ చట్టంలో 'భర్త' అన్నచోట 2021 సవరణ 'భాగస్వామి' అని మార్చింది. నిబంధనలకు లోబడి 24 వారాల దాకా ఉన్న వీలు పెళ్లికానివాళ్లకూ వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తేల్చింది. అయినా మొన్న తెలిసినమ్మాయికి తోడు వెళ్తే, డాక్టరమ్మను చూడకముందే నర్సు "మొగుడి సంతకమేదీ?" అంది, హాలంతా వినేలా. పిల్ల టెన్షన్‌తో వెనక్కి తిరిగింది. 18 నిండితే తన సంతకం ఒక్కటే చాలు. ఆ ముక్క ప్రతి ఓపీ గోడమీదా తెలుగులో రాయించాలని వైద్యశాఖకు నా మనవి.

- ఒక పాఠకురాలు, గుంటూరు