మత్సుయామా గురించి సుబ్బుకి ఓ ఉత్తరం

ప్రియమైన సుబ్బూ,

నీ ఉత్తరం అందింది. గోల్ఫ్ ఆటే కాదని, డబ్బున్నవాళ్ల షికారని వెక్కిరించావు. నీతో వాదించే ఓపిక నాకు లేదు గానీ, జపాన్ గోల్ఫర్ హిదెకీ మత్సుయామా కథ చెప్పకుండా మాత్రం వదలను.

1992లో జపాన్‌లోని షికోకు దీవిలో పుట్టాడు. ఊరి పేరు కూడా మత్సుయామాయే. నాలుగేళ్ల వయసులో తండ్రే చేతికి కర్ర ఇచ్చాడు. 2010లో ఆసియా అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడనివాళ్ల పోటీ) గెలవడంతో మరుసటి ఏడాది అమెరికాలోని అగస్టాలో జరిగే మాస్టర్స్‌కు పిలుపు వచ్చింది, గోల్ఫ్‌లో ‘మేజర్’ అనే నాలుగు పెద్ద పోటీల్లో అదొకటి. అప్పటికి సెండాయ్‌లో కాలేజీ విద్యార్థి. సెండాయ్ అనగానే నీకు తట్టే ఉంటుంది, 2011 మార్చి 11 భూకంపం, సునామీ. ఆ సమయంలో అతను శిక్షణ కోసం ఆస్ట్రేలియాలో ఉన్నాడు. తిరిగొచ్చి చూస్తే ఊరంతా అల్లకల్లోలం. ఇలాంటప్పుడు గోల్ఫ్ ఆడటానికి వెళ్లడమేమిటని వెనకాడాడు. వెళ్లి రమ్మని జనమే ఉత్తరాలు రాశారు. వెళ్లాడు. ఆ ఏడాది కట్ (రెండు రోజుల తర్వాత వెనకబడ్డవాళ్లను ఆపేసే గీత) దాటి నాలుగు రోజులూ ఆడిన అమెచ్యూర్ అతనొక్కడే.

అతని ఆటలో నాకు నచ్చేది ఆ ఆగడం. కర్రను వెనక్కి ఎత్తాక, ఏదో మర్చిపోయి గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా ఒక్క క్షణం పైనే నిలిపేస్తాడు. ఆ తర్వాతే కొడతాడు. కొట్టగానే ఒక చెయ్యి వదిలేసి మొహం చిట్లిస్తాడు. పాపం, బంతి పాడైంది కాబోలు అనుకుంటాం. అది వెళ్లి జెండా పక్కనే పడుతుంది! తన మనసులోని కొలత మనకు కనబడదు కదా.

మొహమాటస్థుడని అనుకునేవు, కోపం లేకపోలేదు. 2014లో ఒహాయోలో మెమోరియల్ టోర్నమెంట్ చివరి హోల్‌లో డ్రైవర్‌ను (దూరం కొట్టడానికి వాడే పెద్ద కర్ర) నేలకేసి చిన్నగా కొడితే విరిగి ఊడిపోయింది. అదే హోల్‌లో బర్డీ (నిర్ణీత దెబ్బల కన్నా ఒకటి తక్కువ) చేసి, కెవిన్ నా అనే ఆటగాడితో ప్లేఆఫ్‌కు (సమానమైతే ఆడే అదనపు ఆట) డ్రైవర్ లేకుండానే వెళ్లి గెలిచాడు. అమెరికా టూర్‌లో మొదటి గెలుపు అదే. ఇక ఎంత గుంభనమైన మనిషంటే, 2017లో పెళ్లయిందనీ కూతురు పుట్టిందనీ తీరిగ్గా ప్రకటించాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదన్నాడు!

2021 మాస్టర్స్ సంగతికొస్తాను. మూడో రోజు వాన వస్తుందని ఆట ఆపితే, కారులో కూర్చుని ఫోనులో ఆటలాడుకున్నాడు. తిరిగొచ్చి ఆ రోజు ఆటను 65 దెబ్బల్లో ముగించి నాలుగు స్ట్రోకుల (దెబ్బల) ఆధిక్యంతో ఆదివారంలోకి అడుగుపెట్టాడు. 15వ హోల్ దగ్గర నా గుండె జారింది. రెండో దెబ్బ గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద పడి, దూకి, వెనకనున్న నీళ్లలోకి పోయింది. నాలుగు వరుస బర్డీలతో వెంటపడుతున్న అమెరికా ఆటగాడు షాఫెలే రెండు స్ట్రోకుల దూరంలోకి వచ్చేశాడు. తర్వాతి హోల్‌లో అతని బంతీ నీళ్లపాలైంది. హిదెకీకీ అక్కడ బోగీయే (నిర్ణీత దెబ్బల కన్నా ఒకటి ఎక్కువ), 18వ హోల్‌లో మరో బోగీ. చివరికి రెండో స్థానంలో నిలిచిన జలటోరిస్ మీద ఒక్క స్ట్రోకు తేడాతో బయటపడ్డాడు. మేజర్ గెలిచిన మొట్టమొదటి జపాన్ పురుషుడు! జపాన్ టీవీలో వ్యాఖ్యాతలకు ఏడుపు ఆగలేదు. క్యాడీ (కర్రల సంచి మోసే సహాయకుడు) షోతా హయఫుజీ జెండా కర్రను తిరిగి గుంతలో నిలబెట్టి, టోపీ తీసి ఆ మైదానానికి వంగి నమస్కరించాడు. ఆ దృశ్యం చూశాక కూడా షికారంటావా?

అదే ఏడాది టోక్యో ఒలింపిక్స్, అదీ 2010లో ఆసియా అమెచ్యూర్ గెలిచిన కసుమిగసెకీ మైదానంలోనే. కొవిడ్ నుంచి అప్పుడే కోలుకుని ఆడాడు. కాంస్యం కోసం ఏడుగురి మధ్య ప్లేఆఫ్, దక్కలేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యంతో ఆ బాకీ తీరింది. అక్కడి నుంచి తిరిగొస్తూ లండన్‌లో దొంగల పాలబడ్డాడు. అతని పర్సు, క్యాడీ, కోచ్‌ల పాస్‌పోర్టులు పోయాయి, పతకం మాత్రం మిగిలింది. ఆ ఇద్దరూ లేకుండానే అమెరికాలోని మెంఫిస్ వెళ్లి అక్కడి పోటీలో కప్పు కొట్టాడు. 2025 జనవరిలో హవాయిలో 35 అండర్‌తో (నిర్ణీత దెబ్బల కన్నా 35 తక్కువ) అమెరికా టూర్‌లో కొత్త రికార్డు.

వచ్చే మాస్టర్స్‌కు ఆదివారం రాత్రి మా ఇంటికే వచ్చెయ్. తెల్లవారుజాము దాకా మేలుకోవాలి, ఫ్లాస్కు నిండా టీ నేను పెడతాను. అమ్మగారికి నా నమస్కారాలు.

నీ
మూర్తి