నోటు పుస్తకాల సంగతి

చి. మాధవికి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది. నువ్వు ఫోన్ చేసి పదహారు రోజులైంది. నేనే చేద్దునుగానీ, అడిగితే "ఏం లేదు నాన్నా" అంటావు. అందుకే ఉత్తరం.

పెరట్లో మల్లె ఈసారి విరగబూసింది. మోటారు మళ్లీ కాలిపోతే వెంకటేశ్వర్లు వచ్చి బాగుచేసి పోయాడు. బుజ్జికి ఇంకా రిజల్ట్స్ రాలేదు, ఇల్లంతా టెన్షన్. మొన్న రైతుబజార్లో శాంత కనిపించింది. మాటల్లో మాటగా, నీ నోటు పుస్తకాలన్నీ పాతపేపర్ల వాడికి వేసేస్తానన్నావని చెప్పింది. పత్రికకు పంపిన కథ తిరిగొచ్చిందట కదా. "చదివేవాళ్లే లేనప్పుడు ఎందుకక్కా" అన్నావట. శాంత మాటల్లో సగం తీసెయ్యాలని నాకూ తెలుసు. మిగతా సగం గురించే రెండు రాత్రులుగా నిద్ర పట్టడం లేదు.

ఎండలు ముదిరాయి, మజ్జిగ తాగుతున్నావా? రాత్రి పదకొండింటి దాకా ఆఫీసు పని చేస్తే కళ్లేం కావాలి? అద్దాలు మార్పించమని సంక్రాంతికే చెప్పాను.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. నాయనమ్మ పాడి చేసిన రోజులవి, నేను తొమ్మిదో తరగతి. పాల పద్దుకు ఎర్ర అట్ట పొడుగు పుస్తకం ఒకటి ఉండేది, చూరుకి మేకు కొట్టి దానికి వేలాడదీసేది. కరణం గారింటికి తవ్వెడు, పంతులు గారికి సోలెడు, ఇలా పెన్సిల్‌తో రాసేది. ఒకరోజు లెక్క కూడమంటే పుస్తకం తీశాను. పద్దుల మధ్య ఇలా ఉంది: "దూడ పోయినకాడినుంచి గౌరి చేపడం లేదు. గాటి వైపు చూస్తుంది. నేనూ అటే చూస్తున్నాను." ఇంకో పేజీలో: "వాన ముందు చింతచెట్టు కింద నేల వాసన. ఒకరికి చెప్పేపాటి సంగతి కాదు." మూడో క్లాసుతో బడి మానేసిన మనిషి!

నాకు గర్వం ఆగలేదు. సంక్రాంతికి పెదనాన్న వాళ్లు, అత్తయ్యలు అంతా వసారాలో కూర్చున్నప్పుడు పుస్తకం తెచ్చి గట్టిగా చదివేశాను. ఎవరూ వెక్కిరించలేదమ్మా. "మన సుబ్బులు కవయిత్రి అయిపోయిందిరోయ్" అని పెదనాన్న ముద్దుగానే అన్నాడు. అందరూ నవ్వారు. కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నాయనమ్మ కూడా నవ్వింది. గ్లాసులు అందించి లోపలికి వెళ్లిపోయింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు.

మర్నాటి నుంచి ఆ పుస్తకంలో తవ్వెడు, సోలెడు తప్ప ఇంకోటి లేదు. ఉగాది దాకా రోజూ దొంగచాటుగా తీసి చూశాను. పాల లెక్కే.

చాలా ఏళ్ల తర్వాత, ట్రైనింగ్ నుంచి సెలవుకొచ్చిన రాత్రి, మంచినీళ్లకని లేచాను. గాదె పక్కన పెట్టె మీద లాంతరు పెట్టుకుని నాయనమ్మ ఏదో రాసుకుంటోంది. పెదాలు కదులుతున్నాయి. ఒక మాట కొట్టేసింది, పెన్సిల్ కొస నాలికకు తాకించింది, మళ్లీ రాసింది, రాసి తనలో తనే నవ్వుకుంది. ఆ ముఖం నేను మా పెళ్లిళ్లలో చూడలేదు, నువ్వు పుట్టినప్పుడు కూడా చూడలేదు. దాహం మాట మర్చిపోయి గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి తిరిగాను. పురికొస కట్టిన ఆ కాగితాలు ఇప్పటికీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. నేను విప్పలేదు.

డాబా మీద ట్యాంకు నీడలో కూర్చుని రాసుకునేటప్పుడు నీదీ అదే ముఖం. అన్నానికి పిలిస్తే పలికేదానివి కాదు. అప్పుడెవరు చదువుతారని రాశావమ్మా?

భాషాప్రవీణ చదివే రోజుల్లో ఆనందరంగరాట్ఛందం చదివాం. పుదుచ్చేరిలో ఫ్రెంచి వాళ్ల దగ్గర దుబాసీగా, అంటే మాటలు తర్జుమా చేసేవాడిగా ఉన్న ఆనందరంగ పిళ్ళై పేరు మీద కస్తూరి రంగకవి రాసిన ఛందస్సు గ్రంథం అది. తనను పొగడటానికి కవులే ఉన్న మనిషి! అలాంటాయన 1736లో మొదలుపెట్టి 1761లో పోయేదాకా తమిళంలో దినచర్య రాసుకున్నాడు. ఏ ఓడ వచ్చింది, ఫ్రెంచి గవర్నరు డూప్లే దొర ఏమన్నాడు, ఆయన దొరసాని మీద పైకి అనలేని చిరాకు, అన్నీ. ఆయన బతికుండగా అది అచ్చుకాలేదు. 1846లో గానీ బయటపడలేదు. ఆయన్ని పాతికేళ్లు దీపం ముందు కూర్చోబెట్టింది ఏమిటో నాయనమ్మను అడిగితే చెప్పేదేమో.

పత్రికలకు పంపొద్దనను. పంపు, తిరిగొస్తే రానీ. అందులో ఎవరికీ పంపనిది ఒక పుస్తకం ఉంచుకో. తేదీ వెయ్యి. అక్షరదోషాలు చూసుకోకు. తెలుగు మాస్టారునై ఉండి నేనే చెబుతున్నాను. మళ్లీ పాఠంలోకి దిగాను, అమ్మ కేకేస్తోంది, చదివి వినిపించమని. ఇది వినిపించను.

22న మీ బావ పనిమీద అక్కడికొస్తున్నాడు. ఆవకాయ జాడీ పంపుతున్నాం, తడి గరిటె పెట్టకు. పుస్తకాలు ఇంకా వెయ్యకపోయుంటే ఒక సంచిలో కట్టి అతని చేతికివ్వు. నాయనమ్మ పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నీకే పంపుతాను. వేసేసుంటే మాత్రం ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకో.

నాన్న