మా బాబాయి ఇంటికొచ్చాడు: అందుకు కారణమైన మీ అందరికీ

అందరికీ నమస్కారం.

సంక్రాంతి ముందు, పొగాకు ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గర రక్తపింజరి పాము కరిచిన మా బాబాయి ఇప్పుడు ఎవరి ఆసరా లేకుండా నడుస్తున్నాడు. మొన్న టంగుటూరు పొగాకు వేలం కేంద్రానికి కూడా వెళ్ళొచ్చాడు. ఈ కబురు చాలామందికి ఫోన్లో చెప్పాం. కానీ ఆయన ప్రాణం నిలబెట్టటానికి ఎవరెవరు ఏం చేశారో ఒక్కచోట, నలుగురూ చదివేట్టు రాయాలని నా కోరిక. మీలో కొందరి పేర్లు నాకు తెలియవు. తెలిసిన పేర్లు కూడా ఇక్కడ పెట్టటం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్ళకు అర్థమవుతుంది.

మొట్టమొదట మా ఊరి యానాది కాలనీ తాతకి.

తాతా, నీకు ఫోను లేదు. నీ మనవరాలు చదివి వినిపిస్తానంది. ఆ రాత్రి బాబాయి బ్యారన్ పొయ్యిలోకి జామాయిల్ మొద్దులు తీస్తుంటే కట్టెల కింద కుక్కర్ విజిల్ వేసినట్టు బుస వినపడింది. ఆయన వెనక్కి తగ్గేలోపే మడమ పైన కాటు పడింది. జనం పోగయ్యారు. పక్క ఊళ్ళో పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకుపోదామని అప్పటికే ఒకరు బండి స్టార్ట్ చేశారు. నువ్వొచ్చి టార్చిలైటు వేసి చూశావు. పాము ఇంకా కట్టెల సందులోనే ఉంది. వీపు మీద మూడు వరుసల గుండ్రటి మచ్చలు. "ఇది రక్తపింజరి. దీనికి మంత్రమూ లేదు, పసరూ లేదు. సూదిమందే. ఒంగోలు పెద్దాసుపత్రికి పొండి" అన్నావు. నేను అదే మాట అంతకుముందు నుంచీ మొత్తుకుంటున్నా ఎవరూ వినలేదు. పాముల సంగతిలో మాత్రం నీ మాటకు ఊళ్ళో ఎదురు లేదు. బండి ఆగిపోయింది, 108కి ఫోన్ వెళ్ళింది. చేలో ఎలకలు ఎక్కువైతేనే ఊరు నీ గడప తొక్కుతుంది. ఆ రాత్రి బాబాయి ప్రాణానికి మొదటి కాపు నువ్వే కాశావని ఊరంతా తెలుసుకోవాలి తాతా.

108 అంబులెన్స్ నడిపిన పైలట్ గారికీ, వెనక కూర్చున్న తమ్ముడికీ. మేం కాలికి తువ్వాలు బిగించి కట్టి ఉంచాం. ఆ తమ్ముడు రాగానే కాలూ, వేళ్ళూ తడిమి చూసి, ముందుగా సెలైన్ సూది పెట్టి, ఆ తరువాత దాన్ని మెల్లగా వదులు చేశాడు. బిగించి కడితే కాలికే ప్రమాదమనీ, కాటు దగ్గర కోయటం, నోటితో పీల్చటం అసలు చేయొద్దనీ అక్కడున్నవాళ్ళందరికీ వినపడేట్టు చెప్పాడు. వాపు పైకి పాకుతుందని బాబాయి కాలి వేలికున్న మెట్టె లాంటి రాగి చుట్టు, చీలమండకున్న నల్లదారం తీయించాడు. చెక్క పెట్టి కాలు కదలకుండా చేశాడు. హైవే మీద ఒంగోలు దాకా "పెద్దాయనా, నేనున్నా" అంటూనే ఉన్నాడు. తమ్ముడూ, నువ్వు మందు ఇచ్చిన సంగతి కంటే ఆ "నేనున్నా" అన్న మాట బాబాయికి ఎక్కువ గుర్తుంది. మాకు ఎన్నిసార్లు చెప్పాడో.

ఇక క్యాజువాలిటీలో ఉన్న డ్యూటీ డాక్టరమ్మకి. అమ్మా, మీరు చేసిన ఆ పరీక్ష నేను బతికినన్నాళ్ళూ మరిచిపోను. బాబాయి చేతిలోంచి కాస్త రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టారు. "ఇరవై నిమిషాలు. ఎవరూ దీన్ని కదపొద్దు" అన్నారు. మిషనూ లేదు, రసాయనమూ లేదు, ఒక గొట్టం, ఒక గడియారం. మామూలు మనిషి రక్తం అయితే ఈపాటికి గడ్డ కట్టాలనీ, రక్తపింజరి విషం ఆ గడ్డకట్టే గుణాన్నే చంపేస్తుందనీ నాకు విడమరిచి చెప్పారు. పిన్ని ఆ గొట్టం వైపే చూస్తూ నిలబడింది. ఇరవై నిమిషాలయ్యాక మీరు గొట్టాన్ని వంచారు. రక్తం నీళ్ళలా జారింది. మీ ముఖంలో కంగారు లేదు. వెంటనే పది వయల్స్ విషవిరుగుడు మందు సెలైన్లో కలిపి ఎక్కించారు. మందు పడకపోతే దద్దుర్లు, వణుకు రావచ్చని ఇంజెక్షన్ చేతికందే దూరంలో పెట్టుకుని ఆయన పక్కనే ఉన్నారు. ఆరు గంటల తరవాత మళ్ళీ గొట్టం, మళ్ళీ ఇరవై నిమిషాలు. అప్పుడూ కట్టలేదు. ఇంకో విడత మందు. ఆ తరవాతి పరీక్షలో మీరు గొట్టం వంచితే రక్తం కదల్లేదు. "గడ్డ కట్టింది" అని మీరు అన్నప్పుడు పిన్ని మీ చేతులు పట్టుకుంది. మీ డ్యూటీ ఎప్పుడో అయిపోయిందని, ఆ రిజల్టు చూసేదాకా ఇంటికి పోలేదని తరవాత సిస్టర్ చెప్పారు. మీ అమ్మానాన్నలు ఎక్కడుంటారో తెలియదు. వాళ్ళు ఎట్టాంటి బిడ్డని కన్నారో వాళ్ళకు ఎవరైనా చెప్పాలి. ఈ పోస్టు వాళ్ళకు చూపించండి.

మూత్రం తగ్గిపోయి, కిడ్నీలు సరిగా పనిచేయటం లేదని చెప్పే క్రియాటినిన్ పెరిగినప్పుడు డయాలసిస్ యూనిట్లో ఉన్న టెక్నీషియన్ అన్నకి, వాంతులు ఎత్తిపోసి ఒక్కసారి కూడా మొహం చిట్లించని ఆయమ్మకి, రక్తం అవసరమవుతుందేమోనని పండగపూట కూడా మెట్ల మీదే పడుకున్న మా ఊరి కుర్రాళ్ళకి దండాలు. కిడ్నీలు తేరుకున్నాయి.

ఆసుపత్రిలో కూర్చుని ఆ మందు ఎక్కడిదని చదివాను. చదివాక ఇంకొందరికి కూడా దండం పెట్టాలనిపించింది. మన దేశంలో విషవిరుగుడు మందుకు కావలసిన పాము విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర పాములు పట్టే గిరిజనులు, ఇరుళ వాళ్ళు, 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచి వస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. ఈ నాలుగింటినీ చేత్తో పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలిపెడతారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే విరుగుడును మందుగా చేస్తారు. ఆ ఇరుళ వాళ్ళలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్ళు బతికుండగా, అందరి ముందూ ఇచ్చారు. అది చదివి నాకెంత తృప్తిగా అనిపించిందో. మా బాబాయి నరాల్లోకి ఎక్కిన మందులో వాళ్ళ చేతి కష్టం ఉందో లేదో నేను చెప్పలేను కానీ, ఆ విద్య బతికి ఉండబట్టే ఆయన బతికాడు.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది. పక్క చేను మామకి.

పొగాకు వేసేవాళ్ళకు తెలుసు, బ్యారన్లో ఆకు ఎక్కించాక మంట వదిలి పోకూడదు. ఆ రాత్రి మా ఆకు రంగు తిరిగే దశలో ఉంది. వేడి తగ్గితే ఆకు చెడుతుంది, ఒక్కసారిగా పెరిగితే పచ్చగా ఉండగానే బిగిసిపోతుంది. రంగొచ్చాక ఆకు ఆరాలి, ఆఖర్న ఈనె ఎండేదాకా మెల్లమెల్లగా 160 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా తీసుకుపోవాలి. రాత్రింబవళ్ళు థర్మామీటర్ చూస్తూ ఒక మనిషి ఉండాల్సిందే. మేమంతా అంబులెన్స్ వెనక పోయాం. బ్యారన్ సంగతి ఒక్కరికీ గుర్తు లేదు. గట్టు తగాదాతో ఏళ్ళ తరబడి మా బాబాయితో మాటల్లేని మామ, ఎవరూ పిలవకుండానే వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. లోడు దిగేదాకా ఆయనా, ఆయన కొడుకూ వంతులేసుకుని కాచారు. పాము కనపడిన ఆ కట్టెల దొడ్లోంచే మొద్దులు తీసి వేశారు. మామా, నీ సొంత బ్యారన్ కూడా అప్పుడు మండుతూనే ఉంది. ఇది చిన్న సాయం కాదు. ఆ ఆకు పోయుంటే, ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి అప్పు చూసి మళ్ళీ మంచం ఎక్కేవాడు.

బాబాయి వార్డులో ఉన్నప్పుడు చూడటానికి వచ్చిన చుట్టాలందరికీ కూడా కృతజ్ఞతలు. కానీ ఒక మాట, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మీరంతా మంచం చుట్టూ నిలబడి ఆయన్ని పొగిడారు. ఎంత మంచివాడు, ఎవరికీ అపకారం చేసి ఎరగడు, అన్న పిల్లల్ని సొంత పిల్లల్లా సాకాడు అని. అన్నీ నిజాలే. మీరు వెళ్ళిపోయాక ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఏందమ్మాయ్, డాక్టర్లు మీతో ఏమన్నా చెప్పారా? వీళ్ళంతా నన్నప్పుడే పంపించేస్తున్నారే" అన్నాడు. కళ్ళలో భయం కనపడింది. మన దగ్గర మంచిమాటలు పెద్దకర్మ రోజునో, సెంటర్లో కట్టే అశ్రునివాళి ఫ్లెక్సీ మీదో వినపడతాయి. అందుకే మంచంలో ఉన్న మనిషికి అవి వినపడితే అర్థం ఇంకోలా తోస్తుంది. ఆ రోజే నిశ్చయించుకున్నా, నేను చెప్పాల్సింది ఆయన లేచి తిరిగేటప్పుడే చెప్పాలని.

ఇంటికొచ్చాక ఒక పొద్దున ఆయన వసారాలో కూర్చుని ఆకు గ్రేడింగ్ చేస్తున్నాడు. ఆకును వేళ్ళ మధ్య సాగదీసి, వెలుతురులో పెట్టి చూసి, రంగును బట్టి పక్కన పెడుతున్నాడు. నేనూ కింద కూర్చున్నా. "బాబాయ్, 2000-01లో పొగాకు బోర్డు ఆ ఏడు పంటే వేయొద్దని క్రాప్ హాలిడే పెట్టింది గుర్తుందా" అన్నాను. "ఎందుకు లేదు" అన్నాడు. ఆ ఏడు మన జిల్లాలో బ్యారన్లన్నీ చల్లగా పడున్నాయి. నాన్న పోయి ఎంతో కాలం కాలేదు. నా ఇంటర్ ఫీజు కట్టటానికి మా బాబాయి, సొంత బ్యారన్ ఉన్న రైతు, చీమకుర్తి గ్రానైట్ క్వారీకి కూలికి పోయాడు. నాకు మాత్రం పొగాకు డబ్బులే అని చెప్పాడు. చాన్నాళ్ళ తరవాత పిన్ని చెబితే తెలిసింది. "నువ్వు ఆ రాళ్ళు మొయ్యకపోతే నా చదువు అక్కడే ఆగేది. ఇవాళ నేను తినే అన్నం నువ్వు పెట్టిందే బాబాయ్. నాన్న లేడన్న దిగులు నాకు తెలియనివ్వలేదు" అన్నాను. ముందుగా అనుకున్న మాటలే, అయినా గొంతు పట్టేసింది.

ఆయన చేతిలో ఆకు చాలాసేపు అట్టే తిప్పాడు. "ఆ ఏడు కూలి బాగానే ఇచ్చేవాళ్ళులే" అన్నాడు. అంతే. నాకు అదే చాలు. పిన్ని వంటింట్లోంచి వచ్చి, "ఎదుట అట్టా పొగడకూడదమ్మా, ఆయుక్షీణం" అని కోప్పడి, సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తెచ్చి ఆయనకి దిష్టి తీసింది. ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. చెప్పేవాళ్ళు చెప్పొచ్చు, దిష్టి తీసేవాళ్ళు తీయొచ్చు, రెండూ ప్రేమే. రాత్రి ఆయన పిన్నితో "అమ్మాయికి చీమకుర్తి సంగతి గుర్తుంది చూశావా" అని రెండు మూడుసార్లు అన్నాడట. మర్నాడు టీ తాగుతూ, పిన్ని వినేంత దూరంలో, నాతో అన్నట్టుగా అన్నాడు: "మీ పిన్ని అప్పుడు గాజులు తీసి ఇవ్వకపోతే ఈ బ్యారన్ ఎప్పుడో అమ్మేసేవాణ్ణి." ఇన్నేళ్ళ కాపురంలో పిన్ని ఆ మాట వినటం అదే మొదలు. ఆమె ఏమీ అనలేదు. టీ మాత్రం ఇంకో గ్లాసు పోసింది.

మనవాళ్ళకి "నువ్వంటే ప్రాణం" అని మొహం మీద చెప్పటం చేతకాదు, వినటానికీ ఇబ్బందే. నాకు తెలిసిందేమంటే, వాళ్ళు చేసిన ఒక్క పని పట్టుకుని, ఏ సంవత్సరం, ఏం చేశారు, దానివల్ల మనకు ఏమైంది అని చెబితే వింటారు. కాదనలేరు కూడా, జరిగిందే కాబట్టి. పైన మీ అందరికీ అట్టాగే రాయటానికి ప్రయత్నించాను. ఎవరినైనా వదిలేసుంటే ఇంకెవరైనా గుర్తుచేయండి, కలుపుతాను.

డాక్టరమ్మా, 108 తమ్ముడూ, డయాలసిస్ అన్నా, ఒంగోలు నుంచి మా ఊరు ఎంతో దూరం లేదు. వేలం అయిపోయాక ఒక ఆదివారం అందరూ రండి. చేపల పులుసు ముందు రాత్రే కాచి ఉంచుతానని పిన్ని మాటిచ్చింది. యానాది తాతకి కొత్త పంచె తీసి ఉంచాం, ఆ రోజు మొదటి బంతిలో మొదటి విస్తరి ఆయనదే.

ఇదంతా బాబాయికి చదివి వినిపించాను. తాత పేరాకి తల ఊపాడు. మామ గురించి చదివేటప్పుడు మళ్ళీ చదవమన్నాడు. తరవాత తన మాటగా ఒక్కటి కలపమన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నా: "బావా, సర్వేయర్ని పిలిచి గట్టు కొలిపిద్దాం. నీ వైపుకి వస్తే నీదే, నేను మాట్లాడను. ముందు నువ్వు ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని భోంచెయ్యి."