ఫ్యాను తిరుగుతూనే ఉంది

విజయనగరం,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ చీఫ్ ఇంజినీరూ,

నీ ఉత్తరం వచ్చి ఎంత కాలమైందో తలచుకుంటే నాకే సిగ్గుగా ఉంది. క్షమించు. వైశాఖం ముహూర్తాలు మొదలైతే మైకుసెట్టువాడికి అన్నం తినే తీరిక కూడా ఉండదని నీకు తెలియనిది కాదు. ఇంట్లో అందరం కులాసా. అమ్మ మోకాళ్లు యథాప్రకారం. చిన్నది పదో తరగతి గట్టెక్కింది, మార్కులు మాత్రం అడగకు. గంటస్తంభం దగ్గర మన టీకొట్టు మూసేశారు. దాని మీద వేరే ఉత్తరం రాయాలి, ఇప్పుడు కాదు. ఇప్పుడు మహారాణి సంగతి, అదే నా పాత మారుతి ఓమ్ని వ్యాను సంగతి, ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది. ఇక్కడివాళ్లకు చెబితే పూర్తిగా వినకుండానే సలహాలు మొదలుపెడతారు.

అవును, ఆ ఓమ్ని ఇంకా నా దగ్గరే ఉంది. నవ్వకు. 2019లో కంపెనీ వాళ్లే తయారీ ఆపేశారు, నువ్వు మాత్రం ఆపవా అని మా బావ రోజూ దెప్పుతాడు. 796 సీసీ ఇంజను, మూడే సిలిండర్లు, అదీ మన సీటు కిందే. ఎండాకాలంలో ముందు సీట్లో కూర్చుంటే వీపు చల్లగా, కింద... సరే, రామతీర్థం దారిలో నువ్వు అన్న మాట కాగితం మీద పెట్టలేను.

సంక్రాంతి దాటినప్పటి నుంచి బండి కాగడం మొదలుపెట్టింది. ఇంజను వేడి చూపించే ముల్లు మధ్యలో ఉండాల్సింది కదా, సామాను వేసుకుని చిన్న ఎత్తు ఎక్కితే చాలు, మెల్లగా ఎర్రగీత వైపు జరిగేది. మొదట చూపించిన మెకానిక్కు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "హెడ్ గాస్కెట్ పోయింది, ఇంజను దించాలి" అన్నాడు. అంటే ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు. ఇంకొకడు థర్మోస్టాట్, అదే ఇంజను వేడెక్కాక నీళ్లను చల్లార్చే రేడియేటర్‌లోకి వదిలే కవాటం, పీకి పారేద్దాం అన్నాడు. మూడోవాడు కొత్తది వేశాడు. రేడియేటర్ విప్పి కడిగించాను, హోసు గొట్టాలు మార్పించాను, మూత మార్పించాను. డబ్బు ఇచ్చినప్పుడల్లా నాలుగు రోజులు బాగున్నట్టు అనిపించేది, తర్వాత మళ్లీ అదే కథ. "ఫ్యాను తిరుగుతోందా?" అని ప్రతివాడూ అడిగాడు. తిరుగుతోంది. తాళం తిప్పగానే గిర్రున తిరుగుతోంది. ఈ మాట గుర్తుపెట్టుకో.

ఇంజను దించడానికి వాళ్లు చెప్పిన లెక్క విని మీ చెల్లెమ్మ ఒక రాత్రి మాట్లాడకుండా గొలుసు తీసి బల్ల మీద పెట్టింది. నేను తీసుకోలేదు. కానీ ఆ రాత్రి... వదిలెయ్.

అసలు విషయానికి వస్తాను. ఒడిశాలో, ఘాటీ పైన ఉన్న పొట్టంగిలో పెళ్లి. తెలిసినవాళ్లు, కాదనలేను. కాలమ్ స్పీకర్లు, యాంప్లిఫయర్లు, వైరు చుట్టలు, కుర్రాడు, నేను. గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దాకా మహారాణి మహారాణిలాగే వెళ్లింది. పి.కోనవలస దాటి ఘాటీ ఎక్కడం మొదలయ్యాక రెండో గేరు, మొదటి గేరు, ముల్లు పైకి. ఒక మలుపులో సీటు కింద నుంచి గుప్పున ఆవిరి. పక్కకు తీసి ఆపేశాను. కుర్రాడు నీళ్ల సీసా తీసుకుని రేడియేటర్ మూత తిప్పబోయాడు. వాడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను! మూత మీద 0.9 అని ఉంటుంది చూడు, ఆ ఒత్తిడి ఉన్నంతసేపు లోపల నీళ్లు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోతుంది, నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి లేస్తాయి.

అలా బండరాయి మీద కూర్చుని ఉంటే కోరాపుట్ వెళ్తున్న సాలూరు లారీ ఒకటి ఆగింది. సాలూరు అంటే లారీల ఊరని నీకు చెప్పాలా! ఆ డ్రైవరు మా సామానంతా తన లారీలోకి ఎక్కించి, కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకుని, "పెళ్లి ఆగకూడదు బాబూ" అని వెళ్లిపోయాడు. వెళ్తూ ఒక గుర్తు చెప్పాడు: సాలూరులో ఫలానా పెట్రోలు బంకు వెనక షెడ్డు, అందులో ఒక పెద్దాయన ఉంటాడు అని. బండి చల్లారాక నీళ్లు పోసుకుని, ఖాళీ బండితో దిగుడు కాబట్టి మెల్లగా దిగిపోయాను.

పెద్దాయన డెబ్బై దాటిన మనిషి. పంచె, భుజాన నూనె మరకల తువ్వాలు. బండిని ముట్టుకోలేదు. "ఎప్పుడు కాగుతుంది?" అన్నాడు. కాగుతుందండీ అన్నాను. "అది కాదు. నిలబెట్టినప్పుడా, వేగంలోనా, ఎక్కుడులోనా?" ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న అడిగినవాడు ఒక్కడూ లేడురా! నిలబెడితే ముల్లు కాస్త పైన ఉంటుంది కానీ మరగదు, అరవైలో పోతే పరవాలేదు, బరువుతో మెల్లగా ఎక్కితేనే కాగుతుంది అని చెప్పాను. ఆయన బీడీ వెలిగించుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు చెప్పాడు. నిలబడ్డప్పుడే కాగితే గాలి లేదని అర్థం, ఫ్యానును అనుమానించాలి. వేగంలో కాగితే నీళ్లు తిరగడం లేదని అర్థం, రేడియేటర్ పూడికనో పంపునో చూడాలి. "నీది రెండిటికీ మధ్యలో ఉంది" అన్నాడు.

ఇంజను పూర్తిగా చల్లారాక మూత తీసి స్టార్ట్ చేయించాడు. లోపలికి టార్చి వేసి చూశాడు. బుడగలు లేవు. నూనె పుల్ల తీసి వేళ్ల మధ్య రుద్దాడు. గాస్కెట్ పోతే నీళ్లు కలిసి నూనె పాలకాఫీలా అవుతుందట, మనది శుభ్రంగా నల్లగా ఉంది. మూత బిగించి, పై గొట్టం మీద ఒక చెయ్యి, కింది గొట్టం మీద ఒక చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. పైది వేడెక్కింది, కాసేపటికి కిందిది కూడా వేడెక్కింది. థర్మోస్టాట్ తెరుచుకుంటోంది, పంపు నీళ్లు తోస్తోంది. దాన్ని పీకి పారేద్దాం అన్నారండీ అంటే, "పీకితే ఇంజను ఎప్పటికీ సరైన వేడికి రాదు, పెట్రోలు తాగుతుంది" అని విసుక్కున్నాడు.

ఇప్పుడు విను, అసలు రసవత్తరమైన ఘట్టం ఇది. ఫ్యాను ఫ్యూజు పీకి నా చేతిలో పెట్టాడు. "ఇది లేకుండా ఘాటీ మొదటి మలుపు దాకా ఎక్కి దిగు. ముల్లు మీద కన్నేసి ఉంచు, పైకి పోతే ఆపెయ్" అన్నాడు. కాగే బండికి ఫ్యాను తీసేయడమా! ఈయనకు వయసు మీద పడిందనుకున్నాను. అయినా వెళ్లాను. షెడ్డులో ఉన్న చెక్కపెట్టెలు వేసి పంపాడు, బరువు ఉండాలని. ఒరేయ్, ముల్లు మధ్యలోంచి కదలలేదు. ఫ్యాను లేకపోతే బండి చల్లగా ఉంది!

తిరిగి వచ్చేసరికి పెద్దాయన ముందురోజు దినపత్రికలోంచి ఒక కాగితం చించి పట్టుకుని ఉన్నాడు. ఫ్యూజు పెట్టించి, తాళం తిప్పమని, ఆ కాగితాన్ని బండి ముందు జాలీకి ఆనించాడు. ఫ్యాను రేడియేటర్ వెనక ఉండి ముందు నుంచి గాలి లాగాలి కదా, కాగితం జాలీకి అతుక్కోవాలి. అతుక్కోలేదు. పెద్దాయన చేతిలోంచి ఎగిరి వచ్చి నా పొట్టకు తగిలింది.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. తిరగబడి తిరుగుతోంది.

అప్పుడు వెలిగింది. సంక్రాంతికి ముందు ఫ్యాను స్విచ్చి పనిచేయడం మానేసింది. వేడిని బట్టి దానంతట అది ఫ్యానును వేసి ఆపే స్విచ్చి అది. ఊళ్లో ఒక ఎలక్ట్రీషియన్ దాన్ని పక్కన పెట్టి, తాళం తిప్పితే ఫ్యాను తిరిగేలా నేరుగా వైర్లు కలిపాడు. కలిపేటప్పుడు ఎరుపు, నలుపు తారుమారు చేశాడు. డీసీ మోటారు కదా, వైర్లు మారితే తిరిగే దిశ మారుతుంది. నిలబడ్డప్పుడు ఆ తప్పుడు గాలైనా రేడియేటర్‌లోంచి పోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. బండి కదిలితే ముందు నుంచి ఎదురుగాలి, వెనక నుంచి ఫ్యాను గాలి, రెండూ రేడియేటర్‌లో ఢీకొని ఎటూ పోవు. అరవైలో ఎదురుగాలిదే గెలుపు. ఘాటీలో మెల్లగా, బరువుతో, ఇంజను గరిష్ఠంగా కష్టపడేచోట మాత్రం ఇద్దరూ సమానం. ఎంత అందమైన తప్పు చూడు! కోపం కూడా రాలేదు నాకు. తర్వాత వచ్చింది, రాత్రి ఇంటికొచ్చి గాస్కెట్ లెక్క రాసిన చీటీ చూశాక బాగా వచ్చింది.

రెండు వైర్లు మార్చడానికి ఆయనకు పట్టిన సమయం బీడీ ఆరేంత కూడా లేదు. కొత్త స్విచ్చి తెప్పించి బిగించాడు. మూత తీసినప్పుడు బోరు నీళ్ల తుప్పు రంగు చూసి మాత్రం తిట్టాడు. ఆ నీళ్లలోని ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుందట. అదంతా కడిగించి, డిస్టిల్డ్ వాటరు, కూలంటు సగం సగం పోయించాడు. డబ్బు ఇవ్వబోతే స్విచ్చి ఖరీదు, కూలంటు ఖరీదు తీసుకుని మిగతాది వెనక్కి ఇచ్చాడు. "వచ్చే శ్రీరామనవమికి మా పందిరికి మైకు పెట్టు, చాలు" అన్నాడు. పెడతాను. హార్న్ స్పీకర్లు కూడా పెడతాను, సాలూరంతా వినపడాలి.

కుర్రాడు మర్నాడు పొట్టంగి నుంచి వచ్చాడు. పెళ్లి బాగా జరిగిందట, లారీ డ్రైవరు పెళ్లిభోజనం చేసి రెండు పాటలు కూడా పాడాడట. అది వాడి నోటితోనే వినాలి, ముఖ్యంగా రెండో పాట మధ్యలో పురోహితుడు...

కింద బావ హారన్ కొడుతున్నాడు. బొబ్బిలిలో తెల్లవారుజామున ముహూర్తం, సామాను ఎక్కించాలి. నువ్వు అడిగిన పొందూరు పంచెలు కొన్నాను, పంపడమే ఆలస్యం. ఆ స్థలం విషయం ఫోనులో మాట్లాడదాం, కాగితం మీద వద్దు. మళ్లీ హారన్. ఉంటాను.

నీ
మైకాసురుడు