సిగ్గు పేరుతో జాగ్రత్తలు దాచవద్దు

సంపాదకుల వారికి నమస్కారములు.

మీ ఆరోగ్య పేజీలో షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పుల గురించి వచ్చే వ్యాసాలను నేను ఏళ్ల తరబడి శ్రద్ధగా చదువుతున్నాను. గుంటూరు కొత్తపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 26 ఏళ్లు ఆపరేషన్ థియేటర్ సిస్టరుగా పనిచేసి రిటైరైన నాకు, నేను చదివిన ఏ తెలుగు పత్రికలోనూ ఇంతవరకు చూడని ఒక విషయం గురించి రాయక తప్పదనిపించింది. పెళ్లయినవారు, కానివారు, మగవారు, ఆడవారు అన్న తేడా లేకుండా పెద్దవాళ్లు ఏకాంతంలో వాడుకునే సెక్స్ టాయ్స్ గురించి, అందులోనూ పెద్ద సైజువి వాడేటప్పుడు తెలిసి ఉండవలసిన జాగ్రత్తల గురించి ఈ ఉత్తరం. మంచి చెడ్డల తీర్పు చెప్పడానికి నేను రాయడం లేదు. తెలియక వాడి టేబుల్ మీదికి వచ్చినవాళ్లను చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి ఒక సంగతి చెబుతాను. ఒక రాత్రి పదకొండు దాటాక నలభై ఏళ్లు పైబడిన ఒకాయన క్యాజువాలిటీకి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి, ఏమైందని ఎవరడిగినా నేల చూపులు చూశాడు. మలద్వారంలో పెట్టుకున్న వస్తువు లోపలికి జారిపోయి సాయంత్రం నుంచీ బయటికి రావడం లేదని చివరికి చెప్పేసరికి, అక్కడున్న ఇద్దరు వరండాలోకి వెళ్లి పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆయన చెవిన పడింది. ఎక్స్‌రే గదికి తీసుకెళ్లేలోగా వెళ్లిపోయిన మనిషి, రెండో రోజు సాయంత్రం 103 డిగ్రీల జ్వరంతో, చెక్కలా బిగుసుకున్న పొట్టతో మళ్లీ వచ్చాడు. ఇంట్లో ఏదో పనిముట్టుతో తీయబోతే పేగుకు చిల్లు పడింది. పొట్ట కోసి శుభ్రం చేసి, పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి, మలం పడేందుకు సంచి తగిలించవలసి వచ్చింది. ఆ రాత్రి నేను నవ్వలేదు. కాని నవ్విన వాళ్లను అక్కడే ఆపనూ లేదు.

అసలు ఇలా ఎందుకు జరుగుతుందో శరీర నిర్మాణం తెలిస్తే అర్థమవుతుంది. మలద్వారం దగ్గరి సన్నటి నాళం పొడవు 3, 4 సెంటీమీటర్లే. దాని చుట్టూ రెండు కండర వలయాలు ఉంటాయి. బయటి వలయం మన మాట వింటుంది, లోపలిది వినదు. ఆ రెండూ దాటితే 12 నుంచి 15 సెంటీమీటర్ల పురీషనాళం సంచిలా వెడల్పవుతుంది, ఆ పైన పేగు వంపు తిరుగుతుంది. వలయం దాటి లోపలికి పోయిన వస్తువు వెనక ద్వారం మూసుకుపోతుంది. అది పెద్దదైతే, లాగినకొద్దీ పై భాగంలో గాలి లేని చోటు ఏర్పడి పేగు దానిని వెనక్కి పీల్చుకుంటుంది. ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. ద్వారం దగ్గరి చర్మానికి నొప్పి బాగా తెలుస్తుంది గాని, లోపలి పొరకు కోత పడినా వెంటనే తెలియదు. నొప్పి లేదు కాబట్టి దెబ్బ తగల్లేదు అనుకోవడం అక్కడ చెల్లదు.

అందువల్ల మొదటి నియమం ఆకారానికి సంబంధించినది. మలద్వారం కోసం వాడే వస్తువుకు అడుగుభాగం ఆ వస్తువు మిగతా భాగంకన్నా బాగా వెడల్పుగా, ఎంత ఒత్తినా వంగి లోపలికి దూరనంత గట్టిగా ఉండి తీరాలి. సీసాలు, టార్చిలైట్లు, కూరగాయలు, అలాంటి అడుగు లేని ఏ వస్తువూ దీనికి పనికిరావు. నేను థియేటర్లో చూసిన కేసులలో దీనికోసమే తయారైన వస్తువులకన్నా ఇంట్లో చేతికందిన వస్తువులే ఎక్కువ. సరైనది కొనడానికి సిగ్గుపడి చేతికందినది వాడటమే అసలు ప్రమాదం.

రెండోది సైజు. పెట్టె మీద పొడవు పెద్ద అంకెలతో కనిపిస్తుంది గాని, శరీరానికి లెక్క మందమే. అడ్డకొలత 3 సెంటీమీటర్లున్న వస్తువు చుట్టుకొలత తొమ్మిదిన్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అదే 5 సెంటీమీటర్లయితే చుట్టుకొలత దాదాపు 16కు చేరుతుంది. చూపుకు రెండు సెంటీమీటర్ల తేడా, కండరానికి మాత్రం మూడింట రెండు వంతులు అదనంగా సాగవలసిన పని. మన ఆడవాళ్లకు గాజుల లెక్కలో చెబితే తేలిగ్గా తెలుస్తుంది. 2-4 గాజు లోపలి అడ్డకొలత సుమారు 5.7 సెంటీమీటర్లు, 2-6 గాజుకు దానికీ తేడా 3 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ 3 మిల్లీమీటర్లు తగ్గితే పిడికిలి దగ్గర గాజు ఎలా ఆగిపోతుందో, గాజులమ్మ బొటనవేలిని లోపలికి మడిచి, సబ్బు నురగ రాసి, మెల్లగా నొక్కుతూ ఎంత ఓపికగా ఎక్కిస్తుందో అందరం చూసినవాళ్లమే. చెయ్యి వాచి ఉంటే ఆమె ఆ రోజుకు మానేసి ఇంకోరోజు రమ్మంటుంది. పెద్ద సైజు కోరుకునేవారు కూడా చిన్నదానితో మొదలుపెట్టి, అది ఏ ఇబ్బందీ లేకుండా అలవాటయ్యాక మాత్రమే, రోజుల తరబడి, వారాల తరబడి, కొద్ది మిల్లీమీటర్ల చొప్పున పైకి వెళ్లాలి. ఒక్క రాత్రిలో రెండు సైజులు దాటాలన్న పట్టుదల వద్దు.

తొందరపడకుండా ఎలా ఆగాలో నాకు మా వృత్తే నేర్పింది. ఎనిమా ఇచ్చేటప్పుడు రోగిని ఎడమ పక్కకు తిప్పి, పై మోకాలు పొట్ట వైపు మడవమంటాం. నోటితో ఊపిరి వదలమంటాం. పరీక్ష చేసే డాక్టరు జెల్లీ రాసిన వేలిని ద్వారం దగ్గర ఆనించి ఉంచుతాడే తప్ప తొయ్యడు. కొన్ని క్షణాలకు కండరం తనంతట తాను వదులవుతుంది. మాట వినని ఆ లోపలి వలయం ఆ సమయం ఇస్తేనే తెరుచుకుంటుంది. విరేచనానికి ముక్కినట్టు కొద్దిగా ముక్కితే ఇంకా సులువవుతుంది. ఇక్కడా అదే పద్ధతి. మూత్రానికీ విరేచనానికీ వెళ్లివచ్చి, మద్యం ముట్టకుండా, తీరిక ఉన్న వేళ చూసుకోవాలి. ఇద్దరు కలిసి వాడుతున్నప్పుడు ఒకరు ఆపమంటే ఆ మాట మీదనే రెండోవారి చెయ్యి ఆగిపోవాలి.

జెల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మలద్వారం తనంతట తాను తడి ఊరదు కాబట్టి, అక్కడ జారుడు జెల్ లేకుండా ఏదీ వాడకూడదు. నీటితో తయారైన జెల్ అన్నిటికీ సరిపోతుంది గాని త్వరగా ఆరిపోతుంది, మధ్యమధ్యలో మళ్లీ రాసుకుంటూ ఉండాలి. సిలికాన్ జెల్ ఎక్కువసేపు నిలుస్తుంది, అయితే సిలికాన్‌తో చేసిన వస్తువు మీద రాస్తే దాని పైపొర పాడయ్యే అవకాశం ఉంది. కొబ్బరినూనె, వాజెలిన్ రాస్తే లేటెక్స్ కండోము బలహీనపడి చిరిగిపోతుంది. సబ్బునీళ్లు లోపలి పొరను మండిస్తాయి. వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది ఒకటుంది. మేము మూత్రం గొట్టం వేసేటప్పుడు వాడే 2 శాతం లిగ్నోకెయిన్ జెల్లీని మందుల షాపులో తెచ్చుకుని, నొప్పి తెలియకుండా పోతుంది కదా అని వాడేవారు ఉన్నారు. అది రాసిన చోట స్పర్శ తెలియకుండా చేసే మత్తుమందు. ఇంకా ఎంత సాగవచ్చో, ఎక్కడ ఆగాలో చెప్పేది ద్వారం దగ్గర తెలిసే ఆ నొప్పి ఒక్కటే. దాన్ని నిద్రపుచ్చి పెద్ద వస్తువు వాడితే, చిరిగిన సంగతి మత్తు దిగాక రక్తం చూసుకునేదాకా తెలియదు.

స్త్రీల విషయంలో యోని సాగే గుణం ఎక్కువే గాని, దానికీ హద్దు ఉంది. కోరిక పుట్టి, తడి ఊరి, కండరం వదులయ్యేదాకా ఆగకుండా బలంగా లోపలికి నెడితే గర్భాశయ ముఖం వెనక ఉండే మూలలో చీలిక వచ్చి ధారగా రక్తం పోవచ్చు. బహిష్టులు ఆగిన వయసులో ఆ పొర పలచబడుతుంది, తడి తగ్గుతుంది. అందుకే ఆ వయసువారికి జెల్ ఎక్కువ కావాలి, సైజు తగ్గాలి. కాన్పయినవారు డాక్టరు చూసి సరేననేవరకు ఆగడం మంచిది. మొలలు, చీలికలు ఉన్నవారు అవి మానేవరకు, రక్తం పలచబడే మాత్రలు వాడేవారు డాక్టరును అడిగేవరకు పెద్ద సైజుల జోలికి పోవద్దు. ఏళ్ల తరబడి షుగరు ఉండి స్పర్శ మందగించినవారు కూడా నొప్పి తెలియదన్న సంగతి గుర్తుంచుకోవాలి. మలద్వారంలో వాడినదాన్ని కడగకుండా, లేదా పైన వేసిన కండోము మార్చకుండా యోనిలో వాడితే ఇన్ఫెక్షన్ తప్పదనే అనుకోవాలి.

కొనేటప్పుడు ఏ పదార్థంతో చేశారో చూడాలి. అసలైన సిలికాన్, స్టెయిన్‌లెస్ స్టీలు, గట్టి బోరోసిలికేట్ గాజు నున్నగా ఉండి నీటిని పీల్చవు. మోటారు, బ్యాటరీ లేని సిలికాన్ వస్తువును నీళ్లలో ఐదు, పది నిమిషాలు మరిగించవచ్చు. విప్పగానే కొత్త ప్లాస్టిక్ చెప్పుల వాసన కొట్టే మెత్తటి జెల్లీ రకాలు చవకగా దొరుకుతాయి గాని, వాటి సూక్ష్మ రంధ్రాలలో క్రిములు నిలుస్తాయి, ఎంత కడిగినా పోవు. అవే ఉంటే కండోము వేసి వాడటం కాస్త మేలు. ఈ వస్తువుల తయారీకి, భద్రతకు 2021లో ఐఎస్‌ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఇరుక్కున్న వస్తువులతో వచ్చే రోగులకు ఆపరేషన్లు చేసిన స్వీడన్ సర్జన్ ఒకరు దానికోసం చొరవ తీసుకున్నారు.

మన దేశంలో మాత్రం వీటిలో చాలావాటిని ఒళ్లు మర్దనా చేసే మసాజర్ల పేరుతో అమ్ముతున్నారు. అశ్లీల వస్తువుల అమ్మకాన్ని శిక్షించే పాత ఐపీసీ 292 సెక్షను ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 294గా ఉంది, ఆ భయమే ఈ మారుపేర్లకు కారణమని నా అభిప్రాయం. కలకత్తా హైకోర్టు 2011లో, బొంబాయి హైకోర్టు 2024లో కస్టమ్స్ వారు ఆపిన ఇలాంటి సరుకుల కేసులలో దిగుమతిదారుల పక్షానే తీర్పు చెప్పాయి. అయినా మసాజరన్న పేరు పెట్టిన పెట్టెలో లోపల ఎంతవరకు వాడాలి, ఏ జెల్ రాయాలి, ఎప్పుడు ఆపాలి అన్న కాగితం ఎలా ఉంటుంది? కొన్నవారికి చెప్పేవారు లేరు, అడుగుదామంటే నోరు రాదు.

కొద్దిగా ఎర్రటి చారిక కనిపిస్తే ఆపి, కొన్నాళ్లు విశ్రాంతి ఇస్తే చాలావరకు మానుతుంది. రక్తం ఆగకుండా కారుతున్నా, కడుపునొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, పొట్ట గట్టిపడినా తెల్లవారేదాకా చూడవద్దు, 108కి ఫోన్ చేయండి. వస్తువు లోపల ఉండిపోతే విరేచనాల మందు వేసుకోవద్దు, ఎనిమా తీసుకోవద్దు, పట్టకారుతోనో గరిటె కాడతోనో తీయబోవద్దు. ఏమీ తినకుండా, తాగకుండా ఆసుపత్రికి రండి. తొందరగా వచ్చినవారిలో ఎక్కువమందికి పొట్ట కోయకుండానే, మత్తు ఇచ్చి కండరాన్ని వదులు చేసి, వచ్చిన దారినే తీసేయగలుగుతారు. ఏం పెట్టుకున్నారో, దేనితో తయారైందో, ఎన్ని గంటలైందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. జారిపడితే గుచ్చుకుందని చెప్పే కథల వల్ల డాక్టరుకు పోయేది సమయమే. రోగి రహస్యం కాపాడటం డాక్టరు దయ కాదు, 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం బాధ్యత.

అందుకే నా విన్నపం రెండు వైపులకు. మీ ఆరోగ్య పేజీలో ఏదో ఒక ఆదివారం అర పేజీ దీనికి కేటాయించి, ఒక సర్జను చేతా ఒక గైనకాలజిస్టు చేతా తేట తెలుగులో రాయించండి. గుంటూరు, విజయవాడ ఆసుపత్రులలో క్యాజువాలిటీ డ్యూటీ చేసే నా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేదేమంటే, అలాంటి మనిషి వచ్చినప్పుడు తెర లాగి, గొంతు తగ్గించి, ఎన్ని గంటలైందో అడగండి. నవ్వు వస్తే ముందే పక్కకు తప్పుకుని ఇంకొకరిని పంపండి.

సంచి తీసి పేగు మళ్లీ కలపడానికి ఆయన కొన్ని నెలల తర్వాత వచ్చాడు. మత్తు ఇచ్చే ముందు చెయ్యి పట్టుకుంటే, నన్ను గుర్తుపట్టి, "ఆ రోజు మీరు నవ్వలేదమ్మా" అన్నాడు. నేనేమీ అనలేక డ్రిప్పు సరిచేస్తూ నిలబడిపోయాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, గుంటూరు
(పేరు ప్రచురించవద్దని మనవి)